రోడ్డు మీద మోగిన ఇనుము

ట్రినిడాడ్ స్టీల్‌బ్యాండ్ పాత రికార్డులు, సికింద్రాబాద్ గల్లీల మర్ఫా దరువు: ఒకే వేదనకు పుట్టిన రెండు సంగీతాలు

1950ల నాటి కార్నివాల్ రికార్డు మీద ముల్లు ఆనించగానే ముందు రోడ్డు వినిపిస్తుంది. వందల జతల చెప్పులు నేలకు రాసుకుంటూ ముందుకు కదిలే చప్పుడు అది. ట్రినిడాడ్‌లో ఆ నడకను 'చిప్పింగ్' అంటారు. ఎవరో కేకేస్తారు, ఎవరో పకపకా నవ్వుతారు. దూరంగా లారీ బ్రేక్ డ్రమ్ము మీద ఇనుప కడ్డీ పడే దెబ్బ టంగు టంగుమంటూ దగ్గరవుతుంది. దాని వెనకాలే రాగం వస్తుంది. కోసి, కాల్చి, సుత్తితో స్వరాలు దించిన నూనె పీపాల మీద పదుల మంది ఒకేసారి వాయించే రాగం. మైకు ముందు నుంచి బ్యాండు సాగిపోతుంది. చిట్టచివర బేస్ పీపాలు గుమ్ముమంటూ దాటిపోతాయి. అవీ వెళ్లిపోయాక మళ్లీ చెప్పుల చప్పుడే.

సికింద్రాబాద్‌లో పెరిగిన చెవికి ఈ వరస బాగా తెలుసు. ఆషాఢ మాసం ఆదివారం ఉజ్జయినీ మహంకాళి గుడి వైపు బోనాలు, తొట్టెలు, పోతరాజులు కదిలే వేళ జనరల్ బజార్ సందులో నిలబడి చూడండి. మొదట జనం హోరు, తర్వాత ఇనుము ఖంగుమనడం, ఆ తర్వాత తోలు దెబ్బ. పెళ్లి బరాత్‌కు మర్ఫా మేళం వచ్చినా అంతే. గుర్రం మీద పెళ్లికొడుకు కనిపించడానికి చాలాసేపు ముందే స్టీలు కుండ మీద పుల్ల పడే చప్పుడు గల్లీ మలుపు తిరిగి వచ్చేస్తుంది. పిల్లల కాళ్లు ఆగవు. పెద్దలు కూడా భుజాలు కదపకుండా ఉండలేరు.

ఈ రెండు సంగీతాల మధ్య ఒక తేడా మాత్రం మనసును కలచివేస్తుంది. ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో డెబ్బై ఏళ్ల కిందటి రోడ్డును ఇవాళ ఇంట్లో కూర్చుని వినొచ్చు. అదే ఏళ్ల నాటి మన రోడ్డును వినాలంటే పెద్దవాళ్లను కూర్చోబెట్టి చెప్పించుకోవాలి.

తోలు వద్దంటే వెదురు, వెదురు విరిగితే ఇనుము

ట్రినిడాడ్‌లో స్టీల్‌బ్యాండ్ సరదాకి పుట్టలేదు. 1834లో బానిసత్వం రద్దయి, 1838లో పూర్తి విముక్తి వచ్చాక, అప్పటిదాకా దొరల ముసుగు వేడుకగా ఉన్న కార్నివాల్‌ను ఆఫ్రికా సంతతివాళ్లు వీధుల్లోకి లాక్కొచ్చారు. కాగడాలు, కర్రసాము, డోళ్లు. బ్రిటిష్ ప్రభుత్వానికి అది మింగుడుపడలేదు. 1881లో పోలీసులకూ జనానికీ పెద్ద ఘర్షణ జరిగింది. ఆ తర్వాతి ఏళ్లలో డోళ్ల మీద ఆంక్షలు వచ్చాయి.

తోలు వాయించొద్దన్నారని వాళ్లు వాయించడం మానలేదు. వెదురు బొంగులను రకరకాల పొడవుల్లో కోసి, నేలకేసి మోదుతూ, ఒకదానికొకటి తాటిస్తూ దరువు పట్టారు. దానిపేరు టాంబూ బాంబూ. వెదురు ఎంతసేపని ఆగుతుంది? పగిలిపోయినప్పుడల్లా చేతికందిన డబ్బా ఏదైతే అది పట్టుకున్నారు. బిస్కెట్ డబ్బా, పెయింట్ డబ్బా, చెత్తకుండీ. 1930ల చివరికి పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని న్యూటౌన్ కుర్రాళ్లు అలెగ్జాండర్స్ రాగ్‌టైమ్ బ్యాండ్ అన్న పేరుతో మొత్తం ఇనుప సామానుతోనే కార్నివాల్‌కు దిగారు.

యుద్ధకాలంలో 1942 నుంచి కార్నివాల్ ఆగిపోయింది. కానీ పెరళ్లలో సుత్తులు ఆగలేదు. రేకు ఒకచోట సొట్టపడితే ఒక స్వరం, దాన్ని వెనక నుంచి కాస్త ఎత్తితే ఇంకో స్వరం పలుకుతుందని కుర్రాళ్లు కనిపెట్టారు. ముందు ఎవరు కనిపెట్టారన్న తగువు అక్కడ ఇప్పటికీ తీరలేదు, తీరాల్సిన అవసరం కూడా నాకు కనిపించదు. 1945లో యుద్ధం ముగిసిందన్న వార్త రాగానే ఆ డబ్బాలన్నీ ఒక్కసారిగా రోడ్డెక్కాయి. 1946 కార్నివాల్‌లో విన్‌స్టన్ 'స్ప్రీ' సైమన్ గవర్నర్ ఎదుట చిన్న పీపా మీద పాటలు పలికించాడు. ఎలీ మానెట్ అనే కుర్రాడు రేకును బయటికి ఉబ్బించడం మాని లోపలికి దించాడు. పుల్లలకు రబ్బరు చుట్టాడు. 55 గ్యాలన్ల నూనె పీపాను వాయిద్యంగా మలిచినవాళ్లలో అతనిది ముందువరస పేరు. అమెరికా సైన్యం స్థావరాలు, ద్వీపంలోని చమురు బావులు ఉండగా పీపాలకు కరువేముంది?

పీపా తయారీ తెలిస్తే రికార్డు వేరేగా వినిపిస్తుంది. 55 గ్యాలన్లంటే సుమారు 208 లీటర్లు. మన దగ్గర నూనెలు, రసాయనాలు వచ్చే పెద్ద పీపాలదీ దాదాపు ఇదే కొలత. దాన్ని బోర్లించి అడుగు రేకును సమ్మెటతో కొడుతూ జానెడు లోతుకు దించుతారు. దిగేకొద్దీ రేకు పలచబడుతుంది. ఎక్కడ ఎంత పలచన కావాలో చేతికే తెలియాలి. తర్వాత స్వరాల హద్దులు గీసి, ఆ గీతల వెంట మొండి ఉలితో చుక్కచుక్కగా కొట్టి గాడి తీస్తారు. చుట్టూ గోడను కోస్తారు. పై స్థాయి పీపాకు జానెడులోపు గోడ చాలు, బేస్‌కు మొత్తం ఉంచుతారు. మంట మీద కాల్చి చల్లారుస్తారు. ఆఖరున చిన్న సుత్తితో శ్రుతి. పై స్థాయి పీపా ఒక్కదాంట్లో ఇరవైకి పైగా స్వరాలు ఇముడుతాయి. బేస్ స్వరానికి జాగా ఎక్కువ కావాలి గనుక పీపాకు మూడో నాలుగో మించవు. అందుకే బేస్ వాయించే మనిషి ఆరు పీపాల మధ్యో తొమ్మిది పీపాల మధ్యో నిలబడి గిరగిరా తిరుగుతుంటాడు.

ఎండకు ఆ ఇనుము శ్రుతి జారుతుంది. బెర్టీ మార్షల్ అనే శ్రుతికారుడు తన హైలాండర్స్ బ్యాండుకు పైన పందిరి కట్టించింది ఇందుకే. మన డప్పు సంగతి దీనికి సరిగ్గా ఎదురు. గడ్డి మంట వేసి, తోలు కాచి, బిగిసిందో లేదో వేలితో తట్టి చూశాకగాని దరువు ఎత్తరు. తోలుకు వేడి మేలు, ఇనుముకు వేడి చేటు. పాత రోడ్డు రికార్డుల్లో మిట్టమధ్యాహ్నపు బ్యాండును గుర్తుపట్టొచ్చంటే నమ్మాలి. స్వరాల అంచులు కొంచెం మెత్తబడి ఉంటాయి.

రౌడీల చేతుల్లోంచి బ్రిటన్ పండుగ దాకా

తొలినాళ్లలో పీపా వాయించేవాడంటే అక్కడి మర్యాదస్తులకు రౌడీ కిందే లెక్క. 'బ్యాడ్‌జాన్' అనేవాళ్లు. బ్యాండ్ల పేర్లు కూడా సినిమాల నుంచి, యుద్ధవార్తల నుంచి ఎత్తుకొచ్చినవే: ఇన్వేడర్స్, డెస్పెరాడోస్, రెనెగేడ్స్, కాసాబ్లాంకా, ట్రిపోలీ. రెండు బ్యాండ్లు ఎదురుపడితే రాళ్లు, సీసాలు, కత్తులు లేచేవి. ఇంట్లో పిల్లవాడు బ్యాండు సాధన చేసే ఆవరణ, అంటే పాన్‌యార్డ్, గడప తొక్కాడని తెలిస్తే తల్లులు చీపురు అందుకునేవారు.

1951లో కథ మలుపు తిరిగింది. లండన్‌లో ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్ జరుగుతోంది. ట్రినిడాడ్ నుంచి ఒక్కో బ్యాండులోని ఉత్తమ వాద్యకారులను ఏరి టాస్పో అనే జట్టు కట్టారు. పోలీసు బ్యాండులో అనుభవమున్న లెఫ్టినెంట్ జోసెఫ్ గ్రిఫిత్ వాళ్లకు గురువు. పీపాలన్నీ ఒకే శ్రుతిలో ఉండాలని, పన్నెండు స్వరస్థానాలూ పలకాలని ఆయన పట్టుబట్టాడు. స్ప్రీ సైమన్, ఎలీ మానెట్, ఆంథొనీ విలియమ్స్, స్టెర్లింగ్ బెటాన్‌కోర్ట్ అందులో ఉన్నారు. జులై 26న థేమ్స్ నది ఒడ్డున వాళ్లు తుప్పు పట్టిన పీపాలు ముందు పెట్టుకున్నప్పుడు చూసినవాళ్లకు ఏమీ అర్థం కాలేదు, వాయించడం మొదలుపెట్టాక నోరు తెరిచారు. జట్టు తిరిగి వెళ్లిపోయినా బెటాన్‌కోర్ట్ లండన్‌లోనే ఉండిపోయాడు. తర్వాతి రోజుల్లో నాటింగ్‌హిల్ కార్నివాల్‌కు స్టీల్‌బ్యాండ్ చప్పుడు అలవాటు చేసినవాళ్లలో ఆయన ఒకరు.

ఆ తర్వాత కంపెనీలు వచ్చాయి. విమాన సంస్థ పాన్ ఆమ్ నార్త్ స్టార్స్ బ్యాండుకు, చమురు కంపెనీ ఎస్సో ట్రిపోలీ బ్యాండుకు పేరు తగిలించుకున్నాయి. 1963లో స్టీల్‌బ్యాండ్ల మధ్య పనోరమా పోటీ మొదలైంది. మొదటి రెండేళ్లూ ఆంథొనీ విలియమ్స్ నడిపించిన నార్త్ స్టార్స్‌దే గెలుపు. 1969లో అదే బ్యాండు ట్రినిడాడ్‌లో పుట్టి ఇంగ్లండ్‌లో పేరు తెచ్చుకున్న పియానో విద్వాంసురాలు వినిఫ్రెడ్ ఆట్‌వెల్‌తో కలిసి 'ఐవరీ అండ్ స్టీల్' రికార్డు చేసింది. స్టూడియోలో చేసిన స్టీల్‌బ్యాండ్ రికార్డుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. పియానో తీగకూ పీపా రేకుకూ మధ్య పోటీ లేదు, ఒకరి మాట పూర్తయ్యేదాకా ఇంకొకరు ఆగే సంస్కారం ఉంది.

పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఆ రోజుల్లో ఇంకో ఆచారం ఉండేది. కార్నివాల్ సోమవారం తెల్లవారుజామున ప్రతి బ్యాండు ఒక 'బాంబు' పేల్చేది. అంటే ఎవరికీ చెప్పకుండా సాధన చేసిన ఒక పాశ్చాత్య శాస్త్రీయ రచనను వీధి నృత్యపు లయలో హఠాత్తుగా ఎత్తుకోవడం. రహస్యం బయటికి పొక్కకుండా నెవిల్ జూల్స్ నాయకత్వంలోని ఆల్ స్టార్స్ వాళ్లు పుల్లలు పక్కనపెట్టి వేళ్లతోనే సాధన చేసేవారట. బీథోవెన్‌ను వేళ్ల చివర్లతో ఇనుము మీద గుసగుసగా నేర్చుకున్న ఆ కుర్రాళ్లకు సంగీత పాఠశాల మెట్లు ఎక్కే అవకాశం లేదు. వాళ్ల చెవే వాళ్ల పాఠశాల.

రైలు చప్పుడు పట్టుకున్నవాడు

ఇక ఎమరీ కుక్ గురించి చెప్పాలి. అమెరికన్ సౌండ్ ఇంజనీరు. 1950ల మొదట్లో ఆవిరి ఇంజన్ల చప్పుడును రికార్డు చేసి 'రైల్ డైనమిక్స్' పేరుతో డిస్కుగా విడుదల చేశాడు. పాట లేదు, మాట లేదు, రాత్రివేళ రైళ్లు మాత్రమే. న్యూయార్క్ ఆడియో ప్రదర్శనలో జనం దాన్ని వినడానికి ఎగబడ్డారు. అదే మనిషి తర్వాత కరీబియన్ దీవులకు వెళ్లి స్టీల్‌బ్యాండ్లను పట్టుకున్నాడు. ఆంటిగ్వాకు చెందిన బ్రూట్ ఫోర్స్ బ్యాండును, ట్రినిడాడ్ కార్నివాల్ వీధులను రికార్డు చేశాడు.

పీపా చప్పుడును రికార్డు చేయడం కష్టం. పుల్ల తగిలిన క్షణంలో ధ్వని ఒక్కసారిగా ఎగుస్తుంది. మూల స్వరంతోపాటు దాని పైన మరిన్ని స్వరాలు మెరుస్తాయి. నాసి పరికరంలో అవన్నీ కలగలిసి రేకుల గలగలగా మిగిలిపోతాయి. కుక్ గొప్పతనం యంత్రాల నాణ్యతతో తీరిపోలేదు. అతను బ్యాండును స్టూడియోకు పిలవకుండా మైకును రోడ్డు మీదికి తీసుకెళ్లాడు. రోడ్డు మీద దొరికే గోలను గోలగా చూడలేదు. చెప్పుల రాపిడి, కేకలు, గోడలకు తగిలి తిరిగొచ్చే మోత, ఇవన్నీ సంగీతంలో భాగమేనని అతని చెవి ఒప్పుకుంది. 1990లో అతని రికార్డుల ఖజానా అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థకు చేరింది. అందుకే ఆ రోడ్డు ఇవాళ మనకు వినిపిస్తోంది.

పాత రికార్డుల మీద బెంగ పెట్టుకున్నవాళ్లకు శ్రుతి గొప్పగా ఉందా లేదా అన్నది పట్టదు. నిజానికి బెర్టీ మార్షల్ ఒక్కో స్వరంలో దాని పై షడ్జాన్ని కూడా శ్రుతి చేయడం నేర్పాక పీపా నాదం ఎంతో స్వచ్ఛమైంది. ఆ మెరుగుకు ముందు నాటి పీపాలది కాస్త మొద్దు గొంతు, పొగ పట్టిన గొంతు. మెడలో పట్టీతో వేలాడదీసుకుని నడుస్తూ వాయించినవి అవి. మనిషి అడుగు పడ్డప్పుడల్లా పీపా కొంచెం ఊగుతుంది, ఆ ఊపు లయలోకి దిగుతుంది. తర్వాత్తర్వాత పీపాలు చక్రాల బళ్ల మీదికెక్కాయి, బ్యాండ్లు నూరుమందికి చేరాయి, వేదికలొచ్చాయి, పోటీ కోసం పది నిమిషాల్లో పేల్చే బాణీలొచ్చాయి. ఆ కళ గొప్పదే, కాదనను. కానీ నడుస్తూ వాయించే మనిషి ఊపిరి మెడలో పీపా ఉన్ననాటి రికార్డుల్లోనే దొరుకుతుంది.

తాషా ఓడెక్కిన కథ

1845 నుంచి 1917 దాకా మన దేశం నుంచి దాదాపు 1 లక్షా 44 వేల మంది ఒప్పంద కూలీలుగా ట్రినిడాడ్ చెరకు తోటలకు వెళ్లారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి, భోజ్‌పురి ప్రాంతాలవాళ్లు. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో మద్రాసు రేవు నుంచి బయలుదేరిన ఓడల్లో తమిళులతోపాటు తెలుగువాళ్లూ ఉన్నారు. అక్కడ వాళ్లందరికీ కలిపి ఒకటే పేరు, 'మద్రాసీ'లు.

వాళ్లతోపాటు తాషా వెళ్లింది. మట్టి గిన్నెకు మేకతోలు బిగించి, మంట మీద కాచి, రెండు సన్న పుల్లలతో చకచకా వాయించే తాషా. ట్రినిడాడ్‌లో దాన్ని టాసా అంటారు. పక్కన పెద్ద డోలు, ఇత్తడి తాళాలు. పెళ్లిళ్లలోనూ, మొహర్రం ఊరేగింపులోనూ అదే. మన పీర్ల పండుగ అక్కడ 'హోసే' అయింది. తెలంగాణ పల్లెల్లో పీర్లను ఎత్తుకునేవాళ్లలో హిందువులు ఎలా ఉంటారో అక్కడా అలాగే, హిందూ కూలీలూ ఆఫ్రికా సంతతివాళ్లూ తాజియా వెంట నడిచారు. ఆ కలయికకే ప్రభుత్వం భయపడింది. 1884 అక్టోబర్‌లో శాన్‌ఫెర్నాండో దగ్గర హోసే ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపి కూలీల ప్రాణాలు తీశారు. ఆఫ్రికావాళ్ల డోలునూ మనవాళ్ల తాషానూ అణచడానికి చూసింది ఒకే ప్రభుత్వం, అదీ ఆ నాలుగైదేళ్లలోనే.

పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో హోసేకు పేరుపడ్డ పేట సెయింట్ జేమ్స్. నార్త్ స్టార్స్ బ్యాండు పుట్టింది కూడా అక్కడే. తాషా మోగే వీధుల్లో పెరిగిన కుర్రాళ్ల చేతికి పీపా వచ్చిందన్నమాట. భారత సంతతి పేర్లు స్టీల్‌బ్యాండ్ చరిత్రలో అంచున లేవు, నడిమధ్యన ఉన్నాయి. 1965లోనూ 1967లోనూ పనోరమా గెలిచిన కావలియర్స్ బ్యాండుకు బాణీలు కట్టింది బాబీ మొహమ్మద్. ఇక జిత్ సమరూ. 1950లో లోపినో లోయలో పేద ఇంట పుట్టినవాడు. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను కూడగట్టి సమరూ జెట్స్ అనే ఇంటి బ్యాండు నడిపాడు. రెనెగేడ్స్ బ్యాండుకు ఆయన కట్టిన బాణీలు 1982 నుంచి 1997 మధ్య తొమ్మిదిసార్లు పనోరమా గెలిచాయి. 1995, 96, 97 వరసగా మూడేళ్లు. తొమ్మిది గెలుపుల కంటే నాకు గొప్పగా తోచేది వేరొకటి. నూరు మంది వాయిస్తున్నా సమరూ బాణీలో ఏ చేయి ఏం చేస్తోందో విడివిడిగా వినిపిస్తుంది. సన్న స్వరాల పరుగులు ఎంత వేగంగా సాగినా ఒకదానికొకటి అంటుకోవు. ఆయన 2016లో పోయారు.

ఏసీ గార్డ్స్ నుంచి గల్లీ గల్లీకి

ఆఫ్రికా సంతతివాళ్లు మనకూ పొరుగువాళ్లే. మాసాబ్ ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరు మీద వెలిసిన పేట. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువులోకి వచ్చిన ఆఫ్రికా అశ్వికదళం అది. హబ్షీలు, సిద్దీలు అని పిలిచేవాళ్లు. నిజాం సవారీ ముందు గుర్రాల మీద ఠీవిగా నడిచినవాళ్లు. యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిలు బార్కస్‌లో స్థిరపడ్డారు. ఈ రెండు వర్గాల వాద్యాలు కలిసి హైదరాబాదీ మర్ఫా రూపం తీసుకుంది. గిన్నె ఆకారపు మర్ఫా, డఫ్, ఢోల్, చెక్క తాపీ, వాటిమధ్య ఖణేలుమనే స్టీలు కుండ. ముందు కత్తులు తిప్పుతూ ఆడేవాళ్లు.

1948లో హైదరాబాద్ రాజ్యం దేశంలో విలీనమైంది. కొన్నాళ్లకే ఆ దళం రద్దయింది. గుర్రాలు పోయాయి, జీతాలు పోయాయి. కవాతు చేసిన చేతులకు దరువు కూడు పెట్టింది. పెళ్లిళ్లకు, ఊరేగింపులకు మర్ఫా వాయించడం బతుకుతెరువైంది. అక్కడ ట్రినిడాడ్‌లో ఎలీ మానెట్ తరం పీపాలను మలుస్తున్న సరిగ్గా అవే ఏళ్లు ఇవి. ఒకే ఖండం నుంచి చెరో దిక్కుకు చెదిరిపోయినవాళ్ల మనవలు, ఒకరినొకరు ఎరగకుండా, ఇనుమూ తోలూ పట్టుకుని ఇటు మన గల్లీలోనూ అటు వాళ్ల వీధిలోనూ జనాన్ని ఆడించారు.

మర్ఫా దరువుల్లో తీన్‌మార్ ఎంత దూరం పోయిందో చెప్పక్కర్లేదు. మన డప్పులోని మూడు దెబ్బల దరువుతో అది ఎప్పుడు చేతులు కలిపిందో కూడా గుర్తుపట్టలేనంతగా కలిసిపోయింది. బోనాల్లో పోతరాజు దానికే ఊగుతాడు, వినాయక నిమజ్జనంలో బస్తీ పిల్లలు దానికే ఎగురుతారు, ఎన్నికల ఫలితాల రోజు పార్టీ ఆఫీసు ముందూ అదే మోగుతుంది. తీన్‌మార్ అన్న మాట సినిమాకూ టీవీ వార్తలకూ పేరైంది. మర్ఫాను ముస్లిం పెళ్లి వాద్యమనో, డప్పును ఊరి చివరి వాద్యమనో గిరిగీసేవాళ్లు ఒక్కసారి ఆషాఢంలో సికింద్రాబాద్ రావాలి.

ఆ గిరిగీతలు మాత్రం తేలిగ్గా చెరగలేదు. డప్పు లేకుండా పెళ్లి జరగదు, చావు జరగదు, జాతర జరగదు. అయినా డప్పు కొట్టినవాణ్ని ఊరు గడప బయటే నిలబెట్టింది. మాదిగ వాడల్లో తరాలుగా చేతులు మారిన సిర్ర, చిటికెన పుల్లల విద్యను విద్య అని పిలవడానికి మన సభలకు చాలాకాలం నోరు రాలేదు. ట్రినిడాడ్‌లో నిన్నటి రౌడీల పీపాను 1992లో జాతీయ వాద్యంగా ప్రకటించారు. 2023లో ఐక్యరాజ్యసమితి ఆగస్టు 11ను ప్రపంచ స్టీల్‌పాన్ దినంగా ప్రకటించింది. పాన్ అంటే ఈ పీపాయే. అక్కడ కుర్రాళ్లు దాన్ని బళ్లో నేర్చుకుంటారు. ఆ గౌరవం ఊరకే రాలేదు, చేతిలో రికార్డులు ఉండబట్టి సగం వచ్చింది. తాత వాయించింది మనవడు విన్నాడు. ఇది మన గొప్పదనమని చూపడానికి వాళ్ల దగ్గర చప్పుడు ఉంది.

అల్మరాలో లేని డిస్కు

మన దేశంలో రికార్డుల కథ వాళ్లకంటే ముందే మొదలైంది. 1902లోనే కలకత్తాలో గౌహర్ జాన్ గొంతు డిస్కెక్కింది. తర్వాతి దశాబ్దాల్లో తెలుగిళ్లకు నాటక పద్యాలు, హరికథలు, లలిత గీతాలు, ఘంటసాల పద్యాలు 78 ఆర్‌పీఎం రికార్డుల మీద వచ్చాయి. ఒక్కో పక్కకు మూడు, నాలుగు నిమిషాలు. కూర్చుని పాడేవాళ్లకు, తలుపు మూసిన గదికి, ముగింపు ఉన్న పాటకు సరిపోయే కొలత అది. గంటల తరబడి సాగుతూ, నడుస్తూ, జనాన్ని బట్టి వేగం మార్చుకునే మర్ఫాకూ డప్పుకూ ఆ కొలత సరిపోదు. 1930ల్లో మొదలై 1950లో ఆకాశవాణిలో కలిసిన దక్కన్ రేడియో ఈ నగరానికి ఎన్నో మంచి గొంతులను పరిచయం చేసింది. స్టూడియో తలుపు మాత్రం వీధి వాద్యానికి ఎప్పుడూ ఇరుకే.

సికింద్రాబాద్ మరీ చప్పుళ్ల ఊరు. 1806లో కంటోన్మెంట్‌గా వెలిసినప్పటి నుంచి పరేడ్ మైదానాల్లో పటాలాల బ్యాండ్లు మోగాయి. వాటిలోని క్లారినెట్, ట్రంపెట్ పెళ్లి బ్యాండు మేళాల్లోకి దిగాయి. 1874లో రైలు వచ్చింది. లాలాగూడ రైల్వే కాలనీల్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు శనివారం రాత్రుళ్లు నాట్యాలకు గిటార్లు శ్రుతి చేసుకున్నాయి. 2025లో సికింద్రాబాద్ పాత రైల్వే స్టేషన్ భవనాన్ని కూల్చినప్పుడు ఎంతోమంది ఫొటోలు తీసుకున్నారు. ఎమరీ కుక్ అయితే ఆవిరి ఇంజన్ల రోజుల్లోనే వచ్చి, ఒకటో నంబరు ప్లాట్‌ఫాం మీద రాత్రంతా మైకు పట్టుకుని నిలబడేవాడు.

డీజే బండి అక్కడా ఇక్కడా ఒకేలా నష్టం చేసింది. ట్రినిడాడ్‌లో 1970, 80ల నుంచి పెద్ద స్పీకర్ల లారీలు రోడ్డు మీద స్టీల్‌బ్యాండును పక్కకు నెట్టాయి. మన దగ్గర బరాత్‌లో మర్ఫా, బ్యాండు మేళం ఉండాల్సిన చోట డీజే వచ్చి కూర్చుంది. గుండెలు అదిరే ఆ మోతలో పక్కన పదిమంది డప్పు కొట్టినా వినపడదు. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. శబ్దకాలుష్యం తగ్గించడానికి తీసుకున్న నిర్ణయమది. నాకు మాత్రం అందులో ఇంకో లాభం కనిపించింది. రోడ్డు మీద మనిషి చేతి దరువుకు మళ్లీ చోటు దొరికింది, దాన్ని రికార్డు చేసేవాళ్లకు సమయం దొరికింది.

ఇప్పుడు ప్రతి జేబులో ఫోను ఉంది, కావలసినన్ని వీడియోలున్నాయనొచ్చు. వాటిని వింటే తెలుస్తుంది. ఫోను మైకు పెద్ద చప్పుడు రాగానే తనంతట తానే గొంతు నొక్కేస్తుంది. డప్పు మొదటి దెబ్బ మాయమై అరుపు మిగులుతుంది. పదిహేను సెకన్లకు వీడియో అయిపోతుంది. మర్ఫా ఊపందుకోవడానికే పది నిమిషాలు కావాలి కదా.

పని పెద్ద ఖర్చుదేమీ కాదు. మంచి స్టీరియో రికార్డరు ఒకటి, గాలి చప్పుడు ఆపే బొచ్చు తొడుగున్న రెండు మైకులు, ఓపికున్న ఇద్దరు మనుషులు. వచ్చే ఆషాఢంలో మహంకాళి గుడి సందులో ఒక మైకు రోడ్డు మట్టానికి, ఒకటి మొదటి అంతస్తు వరండా నుంచి పెట్టాలి. కింది మైకుకు అడుగులు, గజ్జెలు, పోతరాజు కొరడా దెబ్బ అందుతాయి. పై మైకుకు దుకాణాల గోడల మధ్య తిరిగే మోత అందుతుంది. ఏసీ గార్డ్స్‌లో ఒక పెళ్లి రాత్రి మొత్తం, బరాత్ బయలుదేరిన దగ్గర నుంచి వధువు ఇంటి గుమ్మం దాకా, ఎక్కడా ఆపకుండా రికార్డు చేయాలి. వాయించడానికి ముందు తోలు కాచేటప్పుడే యంత్రం నొక్కాలి. పెద్ద వయసు మర్ఫా వాద్యకారులను కూర్చోబెట్టి, ఇప్పుడు వాయించని పాత దరువులు ఒక్కొక్కటి విడిగా వాయించి చూపమని అడగాలి. ఏ దరువు ఏ సందర్భానికో వాళ్ల మాటల్లోనే, దక్కనీలోనైనా తెలుగులోనైనా, చెప్పించుకోవాలి. వాళ్ల సమయానికి డబ్బు చెల్లించాలి, రికార్డు మీద హక్కు వాళ్లకే ఉండాలి.

ఆ పాత స్టీల్‌బ్యాండ్ డిస్కుల్లో నన్ను బాధపెట్టే లోపం ఒకటుంది. చాలా కవర్ల మీద బ్యాండు పేరు ఉంటుంది, కంపెనీ పేరు ఉంటుంది, మెడలో పీపా మోసినవాళ్ల పేర్లు ఉండవు. మనం చేసే రికార్డు మీద ఢోల్ ఎవరిది, స్టీలు కుండ ఎవరిది, డప్పుకు తోలు బిగించింది ఎవరు అన్నది ఒక్కొక్కరి పేరుతో, ఏ బస్తీవాళ్లో ఆ బస్తీ పేరుతో, ముందు అట్ట మీదే అచ్చవ్వాలి.